సండే స్కూలు అక్కకు తోడెవరు?



ఆదివారం ఉదయం తెలుగునాట చాలా చర్చిల దగ్గర రెండు చోట్ల రెండు రకాల సందడి వినిపిస్తుంది. లోపల తబలా, కీబోర్డు, మైకులో పాస్టరుగారి గొంతు. బయట వరండాలోనో, వెనక వేపచెట్టు కిందో, పక్కింటి డాబా మీదో ఇంకో గొంతు. ఆ రెండో గొంతుకు మైకు ఉండదు. నాలుగేళ్ల బుడతడి నుంచి తొమ్మిదో తరగతి పిల్ల దాకా ఒకే చాప మీద కూర్చుంటే, వాళ్లందరికీ కలిపి ఒక అమ్మాయి దావీదు కథ చెబుతూ ఉంటుంది. ఒకడు నీళ్లంటాడు. ఇద్దరు పలకరింపుగా మొదలుపెట్టి కొట్లాటలోకి దిగుతారు. మూలనున్న పాప అసలు నోరే విప్పదు. కథ గొల్యాతు దాకా వచ్చేసరికి లోపలి పాట బయటికి పొంగి ఆమె మాటను మింగేస్తుంది. ఆమె గొంతు ఇంకాస్త పెంచుతుంది.

పిల్లలు ఆమెను అక్క అంటారు. వారమంతా ఆమె ఏ ప్రైవేటు స్కూల్లోనో పాఠాలు చెబుతుంది, నర్సింగ్ చదువుతుంది, బట్టల షాపులో పొద్దుగూకే దాకా నిలబడుతుంది, లేదా ఇద్దరు బిడ్డల తల్లిగా ఇల్లు నడుపుతుంది. ఈ పనికి జీతం లేదు, ఆమె అడగలేదు కూడా. యవ్వనస్థుల కూటం నడిపే అన్నదీ ఇదే పరిస్థితి. వీళ్లు పిల్లలకు ఏం నేర్పాలన్న విషయం మీద చర్చిల్లో మాటలు చాలానే జరుగుతాయి. వీళ్లను ఎవరు చూసుకోవాలన్న విషయం మీద జరగవలసినంత మాట జరగడం లేదు. ఈ ప్రసంగం దాని గురించే.

సండే స్కూలు పుట్టిన తొలి రోజుల్లో పరిస్థితి వేరు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రెయిక్స్ అనే పత్రికాధిపతి, వారంలో ఆరు రోజులు పనిలో నలిగి ఆదివారం వీధుల మీద పడే పిల్లలను చూసి వాళ్లకోసం బడి పెట్టించాడు. ఆయన నడిపే పత్రిక పేరు గ్లాస్టర్ జర్నల్. తొలి బడి మెరెడిత్ అనే ఆమె ఇంట్లో మొదలైంది. అక్కడ బైబిలుతో పాటు అక్షరాలు కూడా నేర్పేవారు, ఎందుకంటే ఆ పిల్లలకు వేరే బడి లేదు. పాఠం చెప్పిన ఆడవాళ్లకు రెయిక్స్ రోజుకు ఒక షిల్లింగు చొప్పున ఇచ్చాడు. ఆయన చూసిన లెక్క సూటిగా ఉంది: పని ఉంది, చేసే మనిషి ఉంది, ఆ మనిషికి కూలి దక్కాలి.

బళ్లు వందలు, వేలు అయ్యేసరికి అందరికీ కూలి ఇవ్వడం ఎవరి వల్లా కాలేదు. మెథడిస్టులు మొదలైన సంఘాల్లో యువతీ యువకులు జీతం లేకుండా ముందుకొచ్చారు. 1831 నాటికి బ్రిటన్‌లో ఈ బళ్లకు వారం వారం వచ్చే పిల్లలు 12 లక్షలకు పైమాటే. అంత పెద్ద పని నడిచింది స్వచ్ఛందంగా వచ్చినవాళ్ల చేతుల మీదే. ఇంతవరకూ చాలామందికి తెలిసిన కథ. తెలియవలసినంతగా తెలియనిది మధ్యలో ఉంది. 1803లో లండన్‌లో విలియం బ్రోడీ గర్నీ అనే పాతికేళ్ల యువకుడు, తోటి టీచర్లతో కలిసి సండే స్కూల్ యూనియన్ అనే సంఘం పెట్టాడు. కోర్టుల్లో, పార్లమెంటులో మాటలను షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునే వృత్తి ఆయన కుటుంబానిది. టీచర్లు ఒకరినొకరు కలుసుకోవాలి, ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవాలి, బోధన తీరు మెరుగుపరుచుకోవాలి, పుస్తకాలు చవకగా దొరకాలి: ఆ యూనియన్ పెట్టుకున్న లక్ష్యాలు ఇవి. జీతం పోయిన చోట దానికి బదులుగా తోడు, తర్ఫీదు, సామగ్రి ఏర్పాటు చేసుకున్నారు. ఈ మూడూ లేకుండా జీతం లేని సేవ ఎక్కువ కాలం నిలవదని ఆ యువకులకు రెండు వందల ఏళ్ల కిందటే అర్థమైంది.

అమెరికాలో ఇదే ఆలోచన ఇంకా దూరం వెళ్లింది. ఒహాయో రాష్ట్రం అక్రన్ పట్టణంలో లూయిస్ మిల్లర్ అని ఒక యంత్రాల తయారీదారుడు ఉండేవాడు. కోత యంత్రాలను మెరుగుపరిచి పేరు తెచ్చుకున్నాడు. విద్యుద్దీపం ఎడిసన్‌కు ఆ తర్వాతి కాలంలో పిల్లనిచ్చిన మామ ఈయనే. మిల్లర్ తన సంఘంలో సండే స్కూలు పని చూసేవాడు. ఒకే హాలులో అన్ని తరగతులూ కలిసి కూర్చుంటే టీచరు గొంతు ఎంత అలసిపోతుందో గమనించి, నడుమ పెద్ద గది, చుట్టూ తలుపులున్న చిన్న తరగతి గదులు వచ్చేలా భవనం నమూనా ఆలోచించాడు. దానికి అక్రన్ ప్లాన్ అని పేరు వచ్చింది. ఆ దేశంలో ఎన్నో చర్చిలు ఆ పద్ధతిలో కట్టారు. టీచరు కష్టాన్ని కళ్లారా చూసి గోడలనే మార్చిన మనిషి ఆయన.

అంతటితో ఆగలేదు. 1874 ఆగస్టులో మిల్లర్, జాన్ హెయిల్ విన్సెంట్ అనే మెథడిస్టు బోధకుడు కలిసి న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వా సరస్సు ఒడ్డున సండే స్కూలు టీచర్లకోసం శిబిరం పెట్టారు. రెండు వారాలు. పొద్దున పాఠాలు, సాయంత్రం పాటలు, చెట్ల నీడలో ఉపన్యాసాలు, సరస్సులో పడవలు. బైబిలు నాటి పాలస్తీనా భూమి నమూనాను అక్కడి నేల మీద మట్టితో, రాళ్లతో దిద్ది, టీచర్లు యొర్దాను నది పక్కన నడిచి చూసేలా చేశారు. చదువు, విశ్రాంతి రెండూ ఒకే చోట. ఆ శిబిరం తర్వాత షటాక్వా ఉద్యమంగా పెరిగి దేశమంతా పేరు పొందింది, నేటికీ నడుస్తోంది. దాని వేరు మాత్రం సండే స్కూలు టీచరుకు రెండు వారాలు ఊపిరి తీసుకునే చోటు చూపిద్దామన్న ఆలోచనలో ఉంది.

మన దేశానికి వద్దాం. ఇండియా సండే స్కూల్ యూనియన్ 1876లో అలహాబాదులో పుట్టింది. తర్వాతి కాలంలో నీలగిరుల్లోని కూనూరు దానికి కేంద్రమై, టీచర్ల శిక్షణకు నిలయమైంది. తెలుగు నేల మీద చూస్తే, 1842 జూలై 31న గుంటూరు చేరిన మిషనరీ ఫాదర్ హయ్యర్ అప్పటికే అమెరికాలో సండే స్కూళ్ల పని చేసి వచ్చినవాడు.

ఇక దోర్నకల్లు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని ఆ చిన్న ఊరికి 1909లో తిరునెల్వేలి నుంచి వచ్చిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య తెలుగు నేర్చుకుని ఇక్కడివాడే అయ్యాడు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన డయోసిస్ పెరిగింది పల్లెల్లో ఉండి రాత్రి బడి నడిపి, ప్రార్థన చేయించి, పిల్లలకు కథలు చెప్పిన గ్రామ ఉపాధ్యాయుల మీద. వాళ్లలో చాలామంది తామే మొదటి తరం అక్షరాస్యులు. అజరయ్య వాళ్లను పల్లెల్లో వదిలేసి ఊరుకోలేదు. దోర్నకల్లుకు శిక్షణకు వచ్చే పెళ్లయినవాళ్లు భార్యలతో సహా వచ్చేవారు, ఆ భార్యలకూ చదువు చెప్పేవారు. భర్త ఒక్కడే నేర్చుకుని వెళ్తే పల్లెలో ఒంటరివాడవుతాడు. ఇద్దరూ నేర్చుకుని వెళ్తే ఇంట్లోనే తోడు దొరుకుతుంది, ఆడవాళ్లకూ పిల్లలకూ చెప్పడానికి ఇంకో మనిషి సిద్ధమవుతుంది. ఈ ఏర్పాటులోని తెలివిని ఇప్పటి సంఘాలు మళ్లీ ఒకసారి తరచి చూడాలి.

ఇప్పుడు ఏం జరుగుతోందో చూడండి. చాలా సంఘాల్లో సండే స్కూలు టీచరును ఎంచే పద్ధతి ఒక్కటే: బాగా పాడుతుంది, పిల్లలంటే ఇష్టం, పెళ్లి కాలేదు, కాబట్టి ఆమెకు ఇచ్చేద్దాం. ఒక ఆదివారం చేతికి పుస్తకం వస్తుంది, మరుసటి ఆదివారం నుంచి ముప్పై మంది పిల్లలు ఆమె బాధ్యత. ఎంతకాలానికి అని ఎవరూ చెప్పరు, ఆమె అడగదు. పెళ్లయి వేరే ఊరు వెళ్తే తప్ప విడుదల ఉండదు. ఒక ఏడాదికనో రెండేళ్లకనో ముందే మాట అనుకుని, ఆ తర్వాత కొనసాగాలా వద్దా అన్నది ఆమెకు వదిలేస్తే, ఒప్పుకునేవాళ్లు పెరుగుతారు. దిగిపోయే దారి కనిపించని మెట్లు ఎక్కడానికి ఎవరైనా జంకుతారు కదా.

తర్ఫీదు సంగతి ఇంకా లోతైనది. వేసవిలో ఒక రోజు సమావేశం పెట్టి కొత్త పాటలు, యాక్షన్లు నేర్పితే శిక్షణ అయిపోయిందనుకుంటారు. టీచరుకు కావలసింది అంతకంటే ఎక్కువ. అబ్రాహాము ఇస్సాకును బలి ఇవ్వబోయిన కథ పన్నెండేళ్ల పిల్లవాడికి విశ్వాసం గురించిన కథ. అయిదేళ్ల పాపకు అది నాన్న చేతిలో కత్తి. ఆ పాపకు ఆ కథ ఇప్పుడు చెప్పాలా, ఇంకో నాలుగేళ్లు ఆగాలా అన్నది ఎవరైనా కూర్చోబెట్టి చెబితేనే ఆ అమ్మాయికి తెలుస్తుంది. ప్రశ్నలు మరో పరీక్ష. “మా నాన్న తాగొచ్చి అమ్మను కొడతాడక్కా, ప్రార్థన చేస్తున్నా ఆగట్లేదు, ఎందుకు?” అని పిల్ల అడిగితే కంఠత వాక్యం ఒకటి ఒప్పజెప్పించి పంపేస్తే సరిపోదు. ఆ ప్రశ్న విన్న అక్క ఆ రాత్రి నిద్రపోదు. నెలకొకసారి టీచర్లందరూ గంటసేపు కూర్చుని, “ఈ నెల నాకు జవాబు తెలియని ప్రశ్న ఇది” అని చెప్పుకునే చోటు ఉంటే, పాస్టరుగారో అమ్మగారో అనుభవం ఉన్న ఒక రిటైర్డ్ టీచరో అక్కడ వింటూ కూర్చుంటే, అదే అసలైన శిక్షణ.

ఇంకో సంగతి పాస్టర్లు తరచూ గమనించనిది. సండే స్కూలు, ఆరాధన ఒకే సమయంలో జరిగే చోట టీచరు వాక్యం వినదు. నెలల తరబడి వినదు. ప్రభు భోజనం వేళకు పిల్లలను వదిలి పరుగున లోపలికి వచ్చి, అంతే పరుగున బయటికి వెళ్తుంది. పిల్లలకు ఇచ్చేందుకు ఆమె దగ్గర ఉన్నది తరిగిపోతూ ఉంటుంది, నింపుకునే వేళ ఆమెకు లేదు. రెండు జట్లు ఏర్పరచి ఆదివారం మార్చి ఆదివారం నడిపితే ఈ చిక్కు తీరుతుంది. మనుషులు తక్కువున్న చిన్న సంఘమైతే, బడిని ఆరాధనకు గంట ముందుకు జరపవచ్చు. అదీ కుదరకపోతే నెలలో ఒక ఆదివారం తల్లిదండ్రులే వంతులవారీగా పిల్లలను చూసుకోవచ్చు. ఈ చివరిదానికి పెద్దగా ఖర్చు లేదు, ఒప్పించడమే కష్టం.

బైబిలు ఈ విషయంలో చాలా ఆచరణయోగ్యంగా మాట్లాడుతుంది. మోషే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగవులు తీర్చడం చూసి మామ యిత్రో మెచ్చుకోలేదు. ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారని చెప్పి పని పంచే పద్ధతి చూపించాడు. ఏలీయా బదరీ వృక్షం కింద ఇక చాలు అని పడుకున్నప్పుడు దేవదూత ముందు ఉపదేశం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ పడుకోనిచ్చి, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. మాట ఆ తర్వాత వచ్చింది. ఈ రెండు ఘట్టాలను పిల్లలకు పాఠాలుగా చెప్పే టీచర్లకు ఎవరైనా వాటిని ఆచరించి చూపిస్తే బాగుంటుంది.

డబ్బు మాట ఎత్తడానికి మొహమాటపడతారు గాని ఎత్తాల్సిందే. చార్టులు, రంగు పెన్సిళ్లు, బిస్కెట్ ప్యాకెట్లు, ఆటో చార్జీలు, క్రిస్మస్ ప్రోగ్రాంలో గొర్రెల కాపరుల తలపాగాలు, దేవదూతల రెక్కలు: వీటిలో చాలా భాగం అక్క పర్సులోంచే వెళ్తుంది. రెండు వందలే కదా అనిపిస్తుంది. నెలకు పది వేలు వచ్చే అమ్మాయికి, అదీ ఇంట్లో ఇవ్వాల్సిన అమ్మాయికి, నెలనెలా పోయే ఆ మొత్తం భారమే. సంఘం వార్షిక బడ్జెట్‌లో సౌండ్ సిస్టంకు ఒక పద్దు ఉంటుంది. పిల్లల సేవకూ దాని పక్కనే ఒక పద్దు రాయాలి, రశీదు చూపిస్తే డబ్బు అదే వారం చేతికందాలి. బతిమాలి అడిగించుకోకూడదు. సండే స్కూలు వార్షికోత్సవం రోజున కప్పే శాలువా మంచిదే, దాన్ని ఎవరూ వద్దనరు. అయితే శాలువా ఖర్చుతో ఒక టీచరుకు చక్కని స్టడీ బైబిలు వస్తుందన్నది కూడా పెద్దలు ఆలోచించాలి.

వేసవి వచ్చిందంటే వి.బి.యస్. ఈ సెలవుల బైబిలు బడి మూలాల్లో ఒకటి 1898లో న్యూయార్క్ తూర్పు వాడలో ఉంది. ఎలైజా హాస్ అనే ఆమె, వీధిలో తిరుగుతున్న పేద పిల్లలకోసం బడి పెడదామంటే అనువైన చోటు దొరక్క, ఒక బీరు దుకాణం హాలును అద్దెకు తీసుకుంది. అక్కడే పాటలు, కథలు, చేతిపనులు నేర్పింది. మన దగ్గర ఏప్రిల్, మే ఎండల్లో, రేకుల షెడ్డు కింద, రోజుకు మూడు నాలుగు గంటల చొప్పున వారం పది రోజులు నడుస్తుంది. ఇందులో పని చేసే యువతీ యువకుల్లో చాలామంది అప్పుడే పరీక్షలు రాసి వచ్చినవాళ్లు. వాళ్లకు వేళకు మజ్జిగ, మధ్యాహ్నం భోజనం, ఇంటికి వెళ్లేందుకు వాహనం చూడటం సంఘంలోని మిగతావాళ్ల పని. మైకు పట్టుకోలేనివాళ్లు, కథ చెప్పలేనివాళ్లు కూడా ఈ పనిలో చేరవచ్చు. వంట చేసే అత్తగారు, బండి నడిపే మామయ్య కూడా పిల్లల సేవకులే. ముగింపు రోజు ఊరేగింపు, బహుమతులు అయ్యాక, ఆ వాలంటీర్లను మరుసటి వారమే ఇంకో పనికి పిలవకుండా కొంతకాలం విడిచిపెట్టాలి.

వి.బి.యస్.కు వచ్చే పిల్లల్లో వేరే విశ్వాసాల ఇళ్లవాళ్లు కూడా ఉంటారు. ఆటలకోసం, పాటలకోసం స్నేహితుల వెంట వస్తారు. వాళ్ల తల్లిదండ్రులకు అక్కడ ఏం చెబుతారో ముందే తెలియజేసి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోవడం సంఘ పెద్దల బాధ్యత. ఆ పని చేయకపోతే, రేపు ఎవరైనా వచ్చి నిలదీసినప్పుడు జవాబు చెప్పాల్సింది ఎదురుగా ఉన్న ఆ ఇరవై ఏళ్ల అమ్మాయి. ఆమెను అలా ముందుకు నెట్టడం న్యాయం కాదు.

యవ్వనస్థుల పని తీరే వేరు. 1881 ఫిబ్రవరి 2న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు క్రిస్టియన్ ఎండీవర్ అనే యువజన సంఘం మొదలుపెట్టాడు. ఎండీవర్ పేరు మన తెలుగు సంఘాల్లోనూ పరిచితమే. క్లార్క్ పద్ధతిలో ప్రతి సభ్యుడికీ ఒక పని ఉంటుంది, ప్రతి కూటంలోనూ ప్రతి ఒక్కరూ ఏదో ఒక విధంగా పాలుపంచుకోవాలి. నాయకుడి మీద బరువు తగ్గించే పద్ధతి అది. ఇప్పటి యూత్ నాయకుడు పాటలు తానే ఎంచి, వాట్సాప్ గ్రూపు తానే నడిపి, కుర్చీలు తానే సర్ది, చివరికి వాక్యం కూడా తానే చెబుతున్నాడంటే, ఆ సంఘం క్లార్క్ చూపిన దారికి దూరం జరిగినట్టే.

ఆ అన్న ఫోను రాత్రి పదకొండు దాటాక మోగుతుంది. ప్రేమ, ఇంట్లో గొడవ, ఉద్యోగం, అన్నిటికంటే ఎక్కువగా చదువు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పటి నుంచి ఫలితాల వారం అంటే యువత మధ్య పనిచేసేవాళ్ల గుండెల్లో గుబులు. చచ్చిపోవాలనుందన్నా అని ఒక పిల్లవాడు ఫోన్లో అంటే, ఆ అన్నకు వయసు ఇరవై ఆరు, అతను డాక్టరు కాడు, ఒంటరిగా మోయగలిగిన బరువు అది కాదు. ఆ పిల్లవాణ్ని ఒంటరిగా వదలకూడదని, ఇంట్లో నమ్మదగిన పెద్దవాళ్లకు వెంటనే చెప్పాలని, ఇది రహస్యంగా దాచే విషయం కాదని అతనికి ముందే నేర్పాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సేవ 14416 నంబరులో రాత్రీ పగలూ దొరుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి యూత్ నాయకుడి ఫోన్లో ఉండాలి. ఆ రాత్రి గడిచాక, మర్నాడు ఆ అన్నను కూర్చోబెట్టి “నువ్వెలా ఉన్నావు” అని అడిగే మనిషి ఒకరు సంఘంలో ఉండాలి.

చివరిగా, కష్టమైన విషయం. పిల్లల భద్రత. 2012 నవంబరు 14 నుంచి అమలులో ఉన్న పోక్సో చట్టం 18 ఏళ్లలోపు పిల్లలందరినీ లైంగిక నేరాల నుంచి కాపాడటానికి వచ్చింది. మత సంస్థలో బాధ్యత ఉన్నవాళ్లు అక్కడి పిల్లల మీదే నేరం చేస్తే దాన్ని మరింత తీవ్రమైనదిగా చూస్తుంది. నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా, జరగబోతోందని ఆందోళన కలిగిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షను అంటుంది. చెప్పకపోతే శిక్ష ఉంది. సంస్థ బాధ్యుడే తన కింది మనిషి నేరాన్ని తెలిసీ చెప్పకపోతే ఏడాది దాకా జైలు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్లకు మాత్రం ఆ చట్టమే రక్షణ ఇస్తుంది. పాప ఏదో చెప్పుకుని ఏడ్చినప్పుడు, “సంఘం పరువు పోతుంది, మనలో మనం చూసుకుందాం” అని పెద్దలు అక్క నోరు మూయిస్తే, ఆమెను చట్టం ముందు దోషిగా నిలబెట్టినట్టే. పాపకు జరిగే అన్యాయం అంతకంటే పెద్దది. పిల్లల సహాయవాణి 1098 నంబరు సండే స్కూలు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.

నివారణకు చేయవలసినవి సులువైనవే. ఏ తరగతిలోనైనా కనీసం ఇద్దరు పెద్దవాళ్లుండాలి. పిల్లలతో ఒంటరిగా మూసిన గదిలో ఎవరూ ఉండకూడదు, పాస్టరుగారితో సహా. కొత్తగా వచ్చినవాళ్లను పిల్లల పనిలో పెట్టేముందు సంఘం వాళ్లను కొన్ని నెలలపాటు చూడాలి, వాళ్లు ఇంతకుముందున్న చోట విచారించాలి. ఈ నియమం పిల్లలను కాపాడుతుంది. నిజాయితీగా పనిచేసే టీచరును అపవాదుల నుంచి కూడా కాపాడుతుంది. ఇద్దరుంటే పని పంచుకోవచ్చు, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు నడపవచ్చు, ఇంటికి వెళ్లే దారిలో మాట్లాడుకోవడానికి తోడు ఉంటుంది. దోర్నకల్లులో భార్యాభర్తలకు కలిపి చదువు చెప్పిన ఏర్పాటుకు ఇది దగ్గరగానే ఉంది.

జూన్‌లో బళ్లు తెరుస్తారు, సండే స్కూలు తరగతులు కూడా చాలా చోట్ల అప్పుడే మళ్లీ సర్దుతారు. కమిటీ ఆ నెలలో కూర్చున్నప్పుడు టీచర్లను కూడా పిలిచి, పోయిన ఏడాది ఏది భారమైందో వాళ్ల నోటితోనే విని, ఎంత డబ్బు, ఎన్ని సెలవులు, ఎవరికి ఎవరు తోడు అన్నవి అక్కడికక్కడే రాసుకోవచ్చు. మానేసినవాళ్ల ఇంటికి కూడా ఒకసారి వెళ్లి, తిరిగి రమ్మని అడగకుండా, ఎందుకు మానేశారో మాత్రం అడిగి రావచ్చు.